మూడు సమాధులు, ఒక సీసా ఊట నీళ్ళు

బెంటన్‌విల్

గ్రీసు దేశం నేను చూడలేదు. కానీ ఆ దేశపు కొండల్లో ఒక ప్రాంతం గురించి, అక్కడి ఊళ్ళ గురించి ఈమధ్య కొంత తెలుసుకున్నాను. దానికోసం వెళ్ళింది తూర్పుకి కాదు, పడమరకి. ఆర్కన్సాలోని మా ఇంటి నుంచి యూటాలో ఒక బొగ్గు గనుల ఊరికి. కారు మీటరు ప్రకారం పోను 1,083 మైళ్ళు, రాను 1,091. ఆ ఎనిమిది మైళ్ళ తేడా ఎందుకొచ్చిందో సందర్భం వచ్చినప్పుడు చెప్తాను.

మా పక్కింట్లో ఎలెనీగారు ఉంటారు. వయసు డెబ్భై తొమ్మిది. బడి క్యాంటీన్‌లో ముప్పై ఏళ్ళు వంట చేసి రిటైరయ్యారు. తొమ్మిదేళ్ళప్పుడు తల్లిదండ్రులతో గ్రీసు నుంచి వచ్చారు. నా భార్య రూతుకి ఆవిడతో స్నేహం పెరటి కంచె మీదుగా కుదిరింది. ఇటునుంచి గోంగూర పచ్చడి వెళ్ళేది, అటునుంచి ద్రాక్షాకుల్లో చుట్టి ఉడికించిన అన్నం వచ్చేది.

మార్చిలో ఒక సాయంత్రం ఆవిడ రేకు డబ్బా ఒకటి పట్టుకుని వచ్చారు.

"సామ్, నువ్వు లెక్కల మనిషివి కదా. నాకొక మనిషిని కనిపెట్టి పెట్టు."

లెక్కలు నేను కాలేజీలో చదవలేదు. చదివింది బి.ఏ. చరిత్ర. దుకాణాలకి సరుకు పంపే ఒక కంపెనీలో ఏ ఊళ్ళో ఎన్ని సబ్బులు అమ్ముడుపోతాయో అంచనా కట్టే పని దొరికాక, పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి లెక్క మీద నమ్మకం కాస్త ఎక్కువే ఉంటుంది.

డబ్బాలో ఉన్న విషయం ఇది. ఎలెనీగారి తాత పేరు కోన్‌స్తాంతినోస్. ఇంట్లో కోస్తాస్ అనేవారు. ("మన కోస్తా మనిషే," అంది రూతు.) కొడుకు పుట్టిన నలభయ్యో రోజున, భార్యనీ పసివాణ్ణీ ఊళ్ళో వదిలి, పెదనాన్న, చిన్నాన్నల కొడుకులిద్దరితో కలిసి యూటా గనుల్లో పనికి వచ్చాడు. ముగ్గురూ అక్కడే పోయారు, వేర్వేరు ప్రమాదాల్లో. అది జరిగి నూరేళ్ళు దాటింది.

చిక్కేమిటంటే ముగ్గురి పేరూ కోన్‌స్తాంతినోసే. ఇంటిపేరూ ఒకటే. ఆ ఊళ్ళలో పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరే పెట్టాలి. మన దగ్గరా తాత పేరు పెట్టుకుంటాం కానీ, ఒకరు పెట్టుకుంటే రెండోవాళ్ళు వేరేది చూసుకుంటారు. అక్కడ మినహాయింపు లేదు. ఒక తాతకి నలుగురు కొడుకులుంటే నలుగురు మనవలు ఒకే పేరుతో తయారవుతారు. వాళ్ళలో ముగ్గురు ఒకే శ్మశానంలో పక్కపక్కన పడుకుని ఉన్నారు.

"మా నాన్న ఒకసారి వెళ్ళాడు," అన్నారు ఎలెనీగారు. "చలికాలం. మోకాలి లోతు మంచు. ముగ్గురిలో తన తండ్రి ఎవరో తేలలేదు. తప్పు మనిషి ముందు ఏడవడం ఇష్టం లేక, ఏ రాయి ముందూ మోకరించకుండా తిరిగొచ్చేశాడు. పోయేముందు రోజు కూడా ఆ మాటే అన్నాడు."

కిందటి ఆగస్టులో ఆవిడ మేనకోడలు గ్రీసులోని తమ ఊరి ఊట నీళ్ళు సీసాలో పట్టి తెచ్చింది. పావు లీటరు. ఆ నీళ్ళు తాత సమాధి మీద పోయాలి. పెంతెకొస్తు పండుగ ముందటి శనివారం వాళ్ళకి ఆత్మల శనివారం. ఆ రోజున, ఆ గనుల ఊరి చర్చిలో పేరు చదివించి మరీ పోయాలి. వచ్చే ఏడాదికి తన మోకాళ్ళు ఎలా ఉంటాయో తెలియదన్నారు.

డబ్బాలో వాళ్ళ నాన్న రాసుకొచ్చిన కాగితం ఉంది. మూడు రాళ్ళ మీది వయసులు: ఎడమది 23, మధ్యది 27, కుడిది 34. ఎలెనీగారి నాన్నమ్మ చెప్పిన మాటలు మరో పక్క పెట్టాను. పెళ్ళినాటికి ఆయనకి ఇరవై నాలుగు. ఏడాదికి కొడుకు. వెళ్ళిన మూడో ఏట కబురు. ఇరవై నాలుగు, ఒకటి, పైన రెండు. నాలుగు సాయంత్రాలు అన్ని రకాలుగా వేసి చూశాను.

"మధ్యది," అన్నాను. "తొంభై అయిదు శాతం."

"మిగతా అయిదూ ఎక్కడ దాచారండీ?" అంది రూతు.

నేను నవ్వేశాను.

కాన్సాస్

మే చివరి మంగళవారం పొద్దున ఆరున్నరకి బయల్దేరాం. రూతు ప్రయాణపు ప్రార్థన చేసింది. ఎలెనీగారు ఆమెన్ చెప్పి, కుడి నుంచి ఎడమకి సిలువ గుర్తు వేసుకుని, కారు బానెట్ వైపు తిరిగి "ఫ్తూ, ఫ్తూ, ఫ్తూ" అన్నారు.

"మన దిష్టేనండీ!" అంది రూతు సంబరంగా.

విచిటా దాటాక ఎలెనీగారు ఒక్కసారి "అమ్మా మరియా!" అని నుదురు కొట్టుకున్నారు. శనివారం చర్చికి చేయాల్సిన కోలివా కోసం మూడు వారాల ముందే కొని, ఏరి, కడిగి ఆరబెట్టిన గోధుమలు వంటగది గట్టు మీదే ఉండిపోయాయి. కోలివా అంటే మన గుగ్గిళ్ళలాంటిదే. గోధుమలు ఉడికించి, ఆరబెట్టి, బాదం, కిస్మిస్, దానిమ్మ గింజలు, దాల్చినచెక్క కలిపి, పైన పంచదార పరుస్తారు. చనిపోయినవాళ్ళ పేరున పంచుతారు.

"చుట్టూ చూడండి," అన్నాను. రెండు పక్కలా కనుచూపు మేర గోధుమ చేలే. పచ్చదనం పోయి రంగు తిరుగుతున్నాయి. కానీ ఆ రాష్ట్రంలో ఒక డబ్బా గోధుమలు కొనడం ఇంత కష్టమని అనుకోలేదు. మొదటి ఊళ్ళో కిరాణా కొట్టులో పిండి మాత్రమే ఉంది. రెండో ఊళ్ళో విత్తనాల కొట్టులో బస్తా ఉంది కానీ గింజలు గులాబీ రంగులో ఉన్నాయి. మాది వరి పండించే ఇల్లు. మందు పట్టించిన విత్తనం చూడగానే తెలుస్తుంది. వద్దన్నాను.

మూడో చోట, ధాన్యం నిలవచేసే ఎత్తయిన కాంక్రీటు గాదెల కింద, ట్రాక్టరు బొమ్మ టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకరు లారీ కడుగుతున్నారు. ఎలెనీగారే దిగి వెళ్ళి అడిగారు.

"తినడానికా?" అన్నాడాయన.

"చనిపోయినవాళ్ళకి."

ఆయన గొట్టం కట్టేశాడు. ఇంట్లో తిండికి ఉంచుకున్న గోధుమలు తెస్తానని పికప్ తీసుకెళ్ళి పావుగంటలో వచ్చాడు. కాగితం సంచీలో నాలుగు పౌండ్లు ఉంటాయి. డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"పేర్లు చదువుతారన్నారు కదా. మా అమ్మ పేరు కూడా చదివిస్తారా? డొరతీ."

"ఇంటిపేరు?" అన్నాను, నోట్‌బుక్ తీస్తూ.

"అక్కర్లేదు సామ్," అన్నారు ఎలెనీగారు. "మేము ఇంటిపేర్లు చదవం. దేవుడికి అడ్రసు ఇవ్వక్కర్లేదు."

ఆ మధ్యాహ్నం రూతు డ్రైవ్ చేస్తుంటే ఆవిడ తన ప్రాంతం గురించి చెప్పారు. దాని పేరు అగ్రఫ. గ్రీసు నడుమ, పిండోస్ కొండల దక్షిణపు కొసన ఉంది. ఆ పేరుకి అర్థం 'రాయనివి' అని. టర్కీ సుల్తానుల కాలంలో పన్ను రాసుకునే గుమాస్తాలు ఆ కొండలెక్కలేక ఆ ఊళ్ళని పుస్తకంలో రాయకుండా వదిలేశారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అంతకంటే పాతదనేవాళ్ళూ ఉన్నారు. ఏదైనా, రాయించుకోకపోవడం వాళ్ళకి గొప్ప. పుస్తకం పట్టుకున్న మనిషి లోయలో కనబడితే కుర్రాళ్ళు మేకల్ని పైకి తోలేసేవాళ్ళట. మగపిల్లలు ఎందరని అడిగితే ఉన్నవాళ్ళలో సగం చెప్పేవాళ్ళట.

మేకలు, మొక్కజొన్న రొట్టె, చెస్ట్‌నట్ కాయలు. చలికాలం మందలతో దిగువన థెస్సలీ మైదానానికి వలస, ఎండాకాలం మళ్ళీ పైకి. తరవాత అమెరికా. ఆ తరవాత యుద్ధం, దాని వెనకే అంతర్యుద్ధం. ఊళ్ళు కాలాయి. మిగిలినవాళ్ళు ఏథెన్సు దిగిపోయారు. దిగువన ఆనకట్ట కడితే కొన్ని ఊళ్ళు నీళ్ళలోకి పోయాయి. ఎలెనీగారి ఊరు ఎత్తున ఉండబట్టి మిగిలింది.

"చలికాలం ఎంతమంది ఉంటారు?" అన్నాను.

"ఏడుగురు. ఒకాయనకి ఒంట్లో బాగోలేదు."

"ఎండాకాలం?"

"ఆగస్టు పదిహేను మరియమ్మ పండక్కి మూడు వందలు. పరుపులు చాలవు."

ఏడు, మూడు వందలు అని రాసుకున్నాను. ఆవిడ అద్దంలోంచి చూసి, "ఇదిగో, మళ్ళీ రాస్తున్నాడు," అన్నారు రూతుతో.

కొలరాడో

రెండో రోజు కొండలు. ఎలెనీగారు కిటికీ దించి గాలి పీల్చారు. "మా కొండలు ఇంతకంటే చిన్నవి. కానీ ఇంతకంటే దగ్గర," అన్నారు. ఒకదానికొకటి దగ్గరనా, మనిషికి దగ్గరనా అని నేను అడగలేదు.

ఒక కనుమ మీద, పదకొండు వేల అడుగుల ఎత్తున, మంచు ఇంకా కరగని చోట చెక్క బల్ల చూసుకుని భోజనానికి కూర్చున్నాం. రూతు పెరుగన్నం, ఆవకాయ తెచ్చింది. ఎలెనీగారికి పెడుతూ, "ఇంకొంచెం?" అంది. ఆవిడ గడ్డం పైకెత్తి నాలుకతో "ట్స్" అన్నారు. రూతు వినబడలేదనుకుంది. "ఇంకొంచెం వెయ్యనా?" అంది గట్టిగా. ఆవిడ మళ్ళీ గడ్డం ఎత్తారు. రూతు వడ్డించేసింది. మూడోసారి వడ్డించాక తెలిసింది, గ్రీకువాళ్ళకి గడ్డం ఎత్తితే వద్దని అర్థమట. మనకేమో 'ఏంటి?' అని.

"మరి మీరు తల అటూ ఇటూ ఊపుతారే, అది అవునా కాదా?" అన్నారు ఆవిడ, కంచం ఖాళీ చేస్తూ.

"సందర్భాన్ని బట్టి," అన్నాను.

"రెండేళ్ళుగా నిన్ను అపార్థం చేసుకుంటున్నాను సామ్."

కిందికి దిగాక కాఫీ తాగాం. నాలుగు డాలర్ల డెబ్భై అయిదు సెంట్లు. మా ఊళ్ళో మూడున్నర. ఎత్తుకి ధర అనుకున్నాను, కానీ రుచి కిందే ఉంది.

బొగ్గు ఊరు

గురువారం సాయంత్రానికి చేరాం. ఇసుకరాతి కొండల మధ్య సన్నటి లోయ, అందులో రెండు వీధులు. గనులు చాలామటుకు మూతబడ్డాయి. ఇటుకల చర్చి ఒకటి, పైన చిన్న గుమ్మటం. మోటెల్ గది తొంభై రెండు డాలర్లు, కిటికీలోంచి రైలు పట్టాలు. ఊరి పేరు రాయడం లేదు, చిన్నది, అక్కడివాళ్ళు వాళ్ళ మానాన ఉన్నారు.

శుక్రవారం పొద్దున శ్మశానానికి వెళ్ళాం. గ్రీకు అక్షరాలున్న రాళ్ళు నలభై ఒకటి లెక్కపెట్టాను. ఎక్కువమంది ముప్పై లోపువాళ్ళు. మాకు కృష్ణా జిల్లాలో సమాధుల పండుగకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఇక్కడ సున్నం లేదు, పూలు లేవు. ఎండిన గడ్డి, గాలి.

చివరి వరసలో ఆ మూడు రాళ్ళు. వయసులు కాగితంలో ఉన్నట్టే ఉన్నాయి. నేను మధ్య రాయి చూపించాను. మళ్ళీ అడిగారు ఎలెనీగారు.

"ఖాయమేనా సామ్?"

"ఖాయం," అన్నాను. శాతం చెప్పలేదు.

ఆవిడ రూతు భుజం పట్టుకుని కిందికి వంగారు. మోకాళ్ళు నేలకి ఆనడానికి చాలాసేపు పట్టింది. రాయి మీద నుదురు పెట్టి గ్రీకులో మాట్లాడుతూ ఏడ్చారు. ఒక మాట మాత్రం నాకు అర్థమైంది, "పప్పూ". తాతయ్యా అని. మేం కాస్త దూరంగా నిలబడ్డాం. ఇరవై నిమిషాలు. నీళ్ళు మాత్రం పోయలేదు. అది రేపు, ఫాదర్ వచ్చాక.

చర్చి వంటగది

ఎలెనీగారిని మోటెల్‌లో పడుకోబెట్టి, మధ్యాహ్నం నేనూ రూతూ గోధుమలు తీసుకుని చర్చి వంటగదికి వెళ్ళాం. అక్కడ స్టెల్లాగారు ఉన్నారు. ఎనభై దాటిన మనిషి, ఆ ఊళ్ళోనే పుట్టారు, తాతలు క్రీటు ద్వీపం వాళ్ళు. శుక్రవారం కాబట్టి మాంసం లేదు. మాకు పులుసులాంటి మసూరపప్పు, రొట్టె పెట్టారు. పప్పులో వెనిగర్ పోసుకుంటారు. ఒక్క మిరపకాయ పడుంటే బాగుండేది.

"అగ్రఫ ఆవిడా?" అన్నారు స్టెల్లాగారు, ఉడికిన గోధుమలు తెల్లగుడ్డ మీద పరుస్తూ. "కొండమేకలు! మా వాళ్ళు ఇక్కడ రెండు వందలమంది ఉండేవాళ్ళు. వాళ్ళు ముగ్గురే. అయినా అరుపులు వాళ్ళవే ఎక్కువని మా నాన్నమ్మ చెప్పేది." అది కృష్ణావాళ్ళు గోదావరివాళ్ళని అనే తీరులో ఉంది. తిట్టులో ప్రేమ ఉంది.

నేను నా లెక్క చెప్పాను. మధ్య రాయి, ఇరవై ఏడు, నాన్నమ్మ మాటలు. ఆవిడ చెయ్యి ఆగింది.

"ఇరవై ఏడని ఎవరు చెప్పారు?"

"రాయి మీద ఉంది."

"అవన్నీ కంపెనీ పుస్తకంలోంచి చెక్కినవయ్యా! మా వాళ్ళు పుస్తకం పట్టుకున్నవాడికి వయసు నిజం చెప్తారా? కుర్రాడు పెద్ద జీతం కోసం పెద్దవాణ్ణనేవాడు. పెళ్ళయినవాడు సైన్యంలోకి పట్టుకుపోతారన్న భయానికి ఇంకా పెద్దవాణ్ణనేవాడు. అందులోనూ అగ్రఫవాళ్ళు!"

రూతు నా వైపు చూసింది. నవ్వు ఆపుకోవాలని చూసింది కానీ కుదరలేదు.

"మా ఆయన పాస్‌పోర్టులో జూన్ ఒకటి ఉంటుందండీ. మా అన్నయ్యదీ జూన్ ఒకటే. మా పిన్ని కొడుకుదీ అంతే. ముగ్గుర్నీ ఒకే రోజు మా హెడ్మాస్టరుగారే కన్నారు."

నిజమే. నాన్న నన్ను బడికి తీసుకెళ్ళినప్పుడు హెడ్మాస్టరుగారు నా కుడిచెయ్యి తల మీదుగా ఎడమ చెవికి పెట్టించారు. అందింది. అయిదేళ్ళు నిండాయని రాసేశారు. నేను పుట్టింది కోతలప్పుడు, వాన పడిన ఆదివారమని అమ్మ చెప్పేది. కోతలు జూన్‌లో ఉండవు. నలభై ఏళ్ళుగా ఆ తప్పు అంకె వేసుకుని ఉద్యోగాలు చేశాను, వీసాలు తెచ్చుకున్నాను. అలాంటివాణ్ణి, రాతి మీద అంకె కనబడగానే నమ్మేశాను.

"మరి ఎలా తెలుసుకోవడం?" అన్నాను.

"రాళ్ళ కింద భాగం చూశావా?"

"ఏవో ఉంగరాల్లా ఉన్నాయి. నాచు పట్టేసింది."

"ఉంగరాలు కావు, పెళ్ళి కిరీటాలు. మా పెళ్ళిలో వధువుకీ వరుడికీ చెరో కిరీటం పెట్టి, రెంటినీ రిబ్బనుతో కలుపుతారు. పెళ్ళి కాకుండా పోయినవాణ్ణి పెళ్ళికొడుకులా ముస్తాబు చేసి పాతేవాళ్ళు. తలకి కిరీటం, వేలికి ఉంగరం. రాయి మీద కూడా చెక్కించేవాళ్ళు. పెళ్ళయినవాడికి చెక్కరు. అతనిది ఊళ్ళోనే అయిపోయింది కదా."

అయిదు గంటలకి తడిగుడ్డ, బ్రష్ పట్టుకుని ఒక్కణ్ణే శ్మశానానికి వెళ్ళాను. ఎడమ రాయి: రెండు కిరీటాలు, రిబ్బను. మధ్య రాయి: రెండు కిరీటాలు, రిబ్బను. కుడి రాయి, ముప్పై నాలుగు అని ఉన్నది, రెండుసార్లు తోమాను. నున్నగా ఉంది.

కిరీటం లేకపోవడం పూర్తి రుజువు కాదని నాకు తెలుసు. చెక్కించే డబ్బు లేకపోయి ఉండొచ్చు. కానీ ఈసారి శాతం కట్టాలనిపించలేదు.

మోటెల్ ముందు

చెప్పాలా వద్దా? వాళ్ళ నాన్న జీవితమంతా భయపడిన పని, తప్పు మనిషి ముందు ఏడవడం, నా మాట మీద ఆవిడ పొద్దున చేసేశారు. చెప్పకపోతే ఆవిడకి తెలియదు. కానీ నీళ్ళు కూడా తప్పు రాయి మీదే పడతాయి.

"మీరు చెప్పకపోతే నేను చెప్తాను," అంది రూతు.

ఎలెనీగారు గది ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. కొండ మీద ఎండ ఇంకా ఉంది. నేను ఎదురుగా నిలబడి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. కంపెనీ పుస్తకం, కిరీటాలు, నున్నటి రాయి. చివర్లో, "ఖాయమన్నాను. అనకుండా ఉండాల్సింది," అన్నాను.



"అయితే పొద్దున నేను ఏడ్చింది ఎవరికి?"

"మీ తాతగారి పెదనాన్న కొడుక్కో, చిన్నాన్న కొడుక్కో. పెళ్ళి కానివాడు."

"పెళ్ళి కాలేదు. పిల్లలు లేరు." ఆవిడ కొండ వైపు చూశారు. "నీకు లెక్కలొచ్చు కదా, చెప్పు. ఈ నూరేళ్ళలో ఆ రాయి దగ్గర ఎంతమంది ఏడ్చి ఉంటారు?"

"తెలియదండీ."

"నాకు తెలుసు. ఒక్కరు. ఈ పొద్దున." కళ్ళు తుడుచుకున్నారు. "పాపం మా నాన్న! మూడు రాళ్ళ ముందూ ఏడ్చి వచ్చేసుంటే సరిపోయేది. ముగ్గురూ ఇంటివాళ్ళే కదా."

రూతు వైపు తిరిగారు. "గోధుమలు ఆరబెట్టారా? నలగనివ్వలేదు కదా? ఆ క్రీటు ఆవిడని పంచదార వెయ్యనివ్వకు, చెయ్యి బరువు."

ఆత్మల శనివారం

కోలివా పళ్ళెం చాలా అందంగా వచ్చింది. తెల్లటి పంచదార మీద వెండి రంగు బాదం పలుకులతో సిలువ. స్టెల్లాగారూ ఎలెనీగారూ దాల్చినచెక్క దగ్గర మాత్రం పోట్లాడుకున్నారు.

ఫాదర్ ముప్పై దాటని కుర్రాడు. ఎలెనీగారు ఇచ్చిన చీటీ చూసి, "కోన్‌స్తాంతినోస్ మూడుసార్లు రాశారు," అన్నాడు.

"ముగ్గురు."

"మరి దొరొతేయా?" డొరతీకి గ్రీకు రూపం అది.

"గోధుమలావిడ," అన్నారు ఎలెనీగారు. అంతకంటే చెప్పలేదు. ఆయన అడగలేదు.

మేము ప్రొటెస్టెంట్లం. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించం, వాళ్ళని బట్టి దేవుణ్ణి స్తుతిస్తాం. అందుకని చీటీ మీద ఏ పేరూ రాయలేదు. కానీ పేర్లు వరసగా వినబడుతుంటే, అమ్మ పేరు దానంతటదే వచ్చి ఆ వరసలో నిలబడింది. ఇంటిపేరు లేకుండా.

తరవాత శ్మశానం. ఎలెనీగారు కుడి రాయి దగ్గరికి వెళ్ళారు. ఈసారి ఏడవలేదు. సీసా మూత తీసి, సిలువ ఆకారంలో, చుక్క మిగల్చకుండా మొత్తం నీళ్ళు ఆ ఒక్క రాయి మీదే పోశారు. నేను మూడు భాగాలు చేస్తారనుకున్నాను. నా మొహం చూసి గ్రహించినట్టున్నారు.

"ఈ ఊట నీళ్ళు మా నాన్నమ్మ కడవతో మోసేది. ఆవిడ మొగుడికే చెందుతాయి. మిగతావాళ్ళకి గోధుమలు."

మూడు రాళ్ళ మీదా కోలివా చల్లారు. మధ్య రాయి మీద ఇంకో గుప్పెడు ఎక్కువ పడింది. ఆ రాయి మీదే చెయ్యి పెట్టి ఏదో అన్నారు. ఏమన్నారని రూతు అడిగింది.

"నిన్న చెప్పినవి వెనక్కి తీసుకోవడం లేదని."

గేటు దగ్గర మొక్కలకి పెట్టిన కుళాయి ఉంది. అక్కడ ఆగి, ఖాళీ సీసా రెండుసార్లు కడిగి, మెడదాకా నింపి, మూత బిగించి నా చేతికిచ్చారు.

"ఆగస్టులో మేనకోడలు ఊరికి వెళ్తుంది. మా నాన్నమ్మ సమాధి చర్చి వెనకే. నాది ఆవిడ పేరే. అక్కడ ఒక్క ఎలెనీయే ఉంది, గొడవ లేదు. కబురు వచ్చాక ఆవిడ నలభై ఏళ్ళు బతికింది. మొగుడు ఏ నేలలో ఉన్నాడో తెలియకుండా పోయింది. ఇవి ఆవిడ మీద పోయాలి."

తిరుగు దారి

కాన్సాస్‌లో హైవే దిగి నాలుగు మైళ్ళు లోపలికి, నాలుగు మైళ్ళు వెనక్కి వెళ్ళాం. ఎనిమిది మైళ్ళ తేడా అదే. ట్రాక్టరు టోపీ పెద్దాయన ఇంటి చిరునామా గాదెల దగ్గర కనుక్కున్నాం. ఎలెనీగారు ఆయనకి కోలివా సంచీ ఇచ్చి, "డొరతీ పేరు చదివారు," అన్నారు. ఆయన టోపీ తీసి సంచీ అందుకున్నాడు. మెట్ల మీద కూర్చుని, మేం కారెక్కేదాకా ఒక్కో గింజా నములుతూనే ఉన్నాడు.

అది సోమవారం, జూన్ ఒకటి. పొద్దుటి నుంచి నా ఫోన్ మోగుతూనే ఉంది, ఆఫీసు నుంచి పుట్టినరోజు శుభాకాంక్షలు. ఎలెనీగారు కేకు కొందామన్నారు. నాది కాదన్నాను, హెడ్మాస్టరుగారిదన్నాను.

"మరి నీది ఎప్పుడు?"

"కోతలప్పుడు. వాన పడిన ఆదివారం."

"అది చాలు," అన్నారు. "అగ్రఫలో అయితే అంతకంటే అడగరు."

సీసా దారిపొడుగునా గేరు పక్కన కప్పు పెట్టుకునే గుంటలో నిలబడి వచ్చింది. మూడు రోజులు నేను నా కాఫీ చేత్తోనే పట్టుకున్నాను. ఇప్పుడు అది ఎలెనీగారి ఫ్రిజ్‌లో, పాల డబ్బా పక్కన ఉంది. వెళ్ళినప్పుడల్లా తలుపు తెరిచి చూస్తాను. మెడదాకా ఉందో లేదో చూస్తాను, అంతే. కొలవను.